గల్ఫ్ నుంచి కబురు ఆగిపోతే ఆచూకీ కాగితం ఎలా రాయాలి

ముప్పై ఏళ్లు రాజోలు వైపు ఊళ్లలో ఉత్తరాలు పంచాను. రిటైరయ్యాక, కబురు ఆగిపోయిన ఇళ్లకు రెడ్‌క్రాస్ వాలంటీరుగా ఆచూకీ దరఖాస్తులు రాసిపెడుతున్నాను.

ముందు ఎవరిని అడగాలో తేల్చుకోండి. కఫీల్ (అక్కడ పనిలో పెట్టుకుని వీసాకు పూచీపడ్డ యజమాని) పాస్‌పోర్టు లాక్కున్నాడనో, జీతం ఎగ్గొట్టాడనో అయితే మన ఎంబసీకి చెప్పుకోవాలి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. యుద్ధంలోనో, విపత్తులోనో, వలస దారిలోనో అసలు మనిషి జాడే తెలియకపోతే రెడ్‌క్రాస్. దీనికి రూపాయి ఖర్చు లేదు. డబ్బడిగే ఏజెంటును అరుగు ఎక్కనివ్వకండి.

అసలు తంటా పేరుతోనే. అన్నవరం స్వామి పేరు లేని ఇల్లు మన దగ్గర ఎక్కడుంది? మొదట్లో ఒక తల్లి చెప్పినట్టే ‘సత్తిబాబు’ అని రాసేశాను. పాస్‌పోర్టులో ఉన్నది వెంకట సత్యనారాయణ. నెలల తర్వాత కాగితం తిరిగొచ్చింది. తప్పు నాదే. ఇప్పుడు పాస్‌పోర్టు జిరాక్సు, అది లేకపోతే టెన్త్ సర్టిఫికెట్ చూడందే పెన్ను తియ్యను. తండ్రి పేరు, తాత పేరు కూడా రాయండి, అరబ్బు దేశాల్లో మనిషిని గుర్తుపట్టేది వాటితోనే. 1914లో మొదలైన యుద్ధంలో జెనీవాలో రెడ్‌క్రాస్ వాళ్లు 70 లక్షల దాకా కార్డులు రాసి ఖైదీల జాడ తీశారు. అన్ని కార్డుల్లో ఒక్క సత్తిబాబును పట్టుకోవడం ఎవరి తరం?

తర్వాత తేదీ.

“చివరిసారి ఎప్పుడు మాట్లాడాడమ్మా?”

“మొన్నామధ్యేనండి.”

“మొన్నామధ్య అంటే? అంతర్వేది తీర్థం అయిందా?”

“ఆయ్, రథం లాగిన రోజేనండి. పీడా బూరల గోలలో సరిగా వినపడలేదు కూడాను.”

అంటే భీష్మ ఏకాదశి. క్యాలెండరు తిప్పితే తేదీ దొరికింది. మీ ఇంట్లో కూడా ఇలాగే పండగలు, పెళ్లిళ్లు గుర్తు చేసుకోండి. ఊహలుంటే పక్కన ‘అనుమానం’ అని రాయండి, నిజాల్లో కలపకండి.

పాత కవర్లు పారేయకండి. అక్కడ ఉత్తరాలు ఎక్కువగా పోస్టు బాక్సు నంబరుకే వెళ్తాయి. ఆ నంబరు కంపెనీదైతే యజమాని దొరికినట్టే. ఫోటో కాపీ ఇవ్వండి, అసలుది దాచుకోండి.

రెడ్‌క్రాస్ సందేశం, అంటే రెడ్‌క్రాస్ చేతుల మీదుగా మనవాళ్లకు పంపే ఉత్తరం, రాయాల్సి వస్తే ఇంటి కబుర్లే రాయండి. అది అంటించని ఉత్తరం, దారిలో చదువుతారు.

ఇంకో ముక్క సంతకానికి ముందే చెబుతాను: మనిషి దొరికినా, తను ఒప్పుకుంటేనే చిరునామా ఇస్తారు. ఇది విని లేచి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

దరఖాస్తు ఇచ్చాక ఇల్లు మారినా, ఫోన్ నంబరు మారినా తప్పకుండా తెలియజేయండి. 2022 జూలై గోదావరి వరదకు ఒక కుటుంబం లంక ఊరు వదిలి చెప్పాపెట్టకుండా వేరే ఊరు పోయింది. ఆ తర్వాత గల్ఫ్ నుంచి జవాబు వచ్చింది, ఇక్కడ తీసుకునేవాళ్లు లేరు. పాత సైకిలు తుడిచి, నాలుగు రోజులు గట్ల వెంట నేనే వెతికాను.