క్రూయిజర్ బండికి ట్యాంకు ఎత్తు, ఇండికేటర్ల చోటు మార్చుకునే విధానం

క్రూయిజర్ (తక్కువ ఎత్తు సీటుతో, పొడవుగా ఉండే మోటారు సైకిల్) పెట్రోలు ట్యాంకు ముందు భాగాన్ని కొంచెం ఎత్తితే బండి రూపమే మారిపోతుంది. అయితే ఎంత ఎత్తాలన్నది కంటికి నచ్చడాన్ని బట్టి కాక, పెట్రోలు హోసు పొడవునూ హ్యాండిలు తిరిగే జాగానూ బట్టి నిర్ణయించుకోవాలి.

ఇంజను పూర్తిగా చల్లారాక, గాలి ఆడే చోట బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, ట్యాంకులోని పెట్రోలును మూత ఉన్న డబ్బాలోకి తీసివేయాలి. చాలా బండ్లలో ట్యాంకు ముందువైపు రబ్బరు బుష్‌ల మీద కూర్చుని, వెనుక బోల్టుతో బిగిసి ఉంటుంది. దాని కింద చెక్క ముక్కలు పెట్టి, అనుకున్న ఎత్తులో నిలిపి, హ్యాండిలును రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. కేబుళ్లు లాగినట్టు ఉండకూడదు. లివర్లు, స్విచ్ డబ్బాలు ట్యాంకుకు తగలకూడదు. గ్రిప్ పట్టుకున్న బొటనవేలు నలగకుండా జాగా మిగలాలి. నా మట్టుకు 25 మి.మీ. దాటి ఎత్తడం అనవసరం.

ముందు భాగం లేస్తే పెట్రోలు వెనక్కి చేరుతుంది కనుక, పెట్రోలు కాక్ (ట్యాంకు అడుగున ఉండే కుళాయి) ముందువైపు ఉన్న ట్యాంకులో అడుగున వాడుకోలేని పెట్రోలు పెరుగుతుంది, రిజర్వు లెక్క మారుతుంది, గేజి కూడా తేడా చూపిస్తుంది. ఇంజెక్షన్ బండి (పెట్రోలును పంపు ఒత్తిడితో ఇంజనుకు అందించేది) అయితే ఆ పంపు సాధారణంగా ట్యాంకులోనే ఉంటుంది, అందుకే హోసులో ఒత్తిడి ఎక్కువ. హోసు పొడవు చాలకపోతే మామూలు పెట్రోలు పైపు అతికించకుండా, ఇంజెక్షన్ ఒత్తిడికి తగిన హోసునూ క్లిప్పులనూ వాడాలి.

ట్యాంకును ఎత్తులో నిలపడానికి వాషర్లు పేర్చడం కన్నా లేత్ షాపులో ఒకే ముక్కగా స్పేసర్ చేయించడం మంచిది. బోల్టును కూడా అంతే పొడవు పెంచాలి, రబ్బరు బుష్‌లను తీసేయకూడదు. చెన్నైలో ఉన్నవారు పాత బండ్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో అదే మోడల్ పాత బ్రాకెట్ వెతికి, దాని మీద పని చేయించి, అసలు బ్రాకెట్‌ను దాచుకోవచ్చు. ఖాళీ చేసిన ట్యాంకులోనూ పెట్రోలు ఆవిరి మిగిలే ఉంటుంది కనుక దాని మీద గానీ, దాని పక్కన గానీ వెల్డింగ్ చేయించకూడదు.

ఇండికేటర్లను హెడ్‌లైటుకు అంటించి పెట్టడం ఇప్పుడు ఫ్యాషన్, కానీ హెడ్‌లైటు వెలుగులో అవి ఎదుటివారికి సరిగా కనబడవు. మోటారు సైకిళ్ల లైట్ల అమరికకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 53వ నియమావళి ప్రకారం ముందు జతకు మధ్య 240 మి.మీ., వెనుక జతకు మధ్య 180 మి.మీ. దూరమైనా ఉండాలి, నేల నుంచి ఎత్తు 350 నుంచి 1,200 మి.మీ. లోపు ఉండాలి. ఫోర్కు పైపుకు క్లాంపుతో బిగిస్తే, ఫోర్కు పూర్తిగా కుంగినప్పుడు ఏదీ తగలకుండా చూసుకోవాలి. క్లాంపు కింద రబ్బరు ఉంటే ఎర్త్ వైరు వేరుగా లాగాలి. ఎల్‌ఈడీలు వేస్తే కరెంటు తక్కువ లాగడం వల్ల ఇండికేటర్లను వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ రిలే, బల్బు పోయిందనుకుని గబగబా కొట్టుకుంటుంది. ఎల్‌ఈడీకి సరిపడే రిలే మార్చితే నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలిగే పరిమితిలోకి వస్తుంది. అక్టోబరు వానలు మొదలయ్యేలోపు అతుకులకు టంకం పెట్టి, హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని బిగిసేది) తొడిగించాలి.

ఏదీ కోయకుండా, తిరిగి విప్పుకోగలిగేలా చేయడానికి చట్టం కూడా ఒక కారణం. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

బిగింపు పూర్తయ్యాక కొద్దిగా పెట్రోలు పోసి, కారడం లేదని చూసుకున్నాకే ఇంజను స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో హ్యాండిలును రెండు వైపులా తిప్పాలి. అప్పుడు ఇంజను వేగం మారితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంటున్నట్టే, ట్యాంకును మళ్లీ విప్పి కేబుల్ దారి సరిచేయాలి.