పిచ్చర్ గెలుపులు చూసి మోసపోకండి

ఫాంటసీ బేస్‌బాల్ (నిజమైన ఆటగాళ్లతో ఊహాజట్టు కట్టి, వాళ్ల ఆట లెక్కలతో పాయింట్లు తెచ్చుకునే పోటీ) లీగ్‌లో చేరేవాళ్లు డ్రాఫ్ట్‌కి (ఆటగాళ్ల ఎంపికకి) ముందే స్కోరింగ్ రూల్స్ ఒకసారి చూడండి, పిచ్చర్‌కి (బంతి వేసే ఆటగాడికి) ‘విన్’ (అతని పేరున రాసే గెలుపు) లెక్కిస్తుంటే దాని బదులు ‘క్వాలిటీ స్టార్ట్’ పెట్టమని కమిషనర్‌ని (లీగ్ నడిపేవాళ్లని) గట్టిగా అడగండి. విన్ అనేది పిచ్చర్ చేతిలో ఉండదు. ఏడు ఇన్నింగ్స్ అద్భుతంగా వేసినా సొంత జట్టు పరుగులు కొట్టకపోతే, లేదా తర్వాత వచ్చిన రిలీవర్ (అతని బదులు దిగే పిచ్చర్) ఆధిక్యం పోగొడితే అతనికి విన్ రాదు. 2018లో న్యూయార్క్ మెట్స్ పిచ్చర్ జేకబ్ డిగ్రామ్ ఈఆర్‌ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన ఎర్న్‌డ్ రన్స్, తక్కువైతే మేలు) 1.70, స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని ఔట్ చేయడం) 269, ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు కూడా అతనికే వచ్చింది, కానీ గెలుపులు 10 మాత్రమే! అలాంటి సీజన్‌కి పాయింట్లు తగ్గడం అన్యాయం కాదా? క్వాలిటీ స్టార్ట్‌కి కనీసం ఆరు ఇన్నింగ్స్ వేసి, మూడుకి మించి ఎర్న్‌డ్ రన్స్ (ఫీల్డర్ల తప్పుల వల్ల కాకుండా వచ్చిన పరుగులు) ఇవ్వకపోతే చాలు (ఫీల్డర్ల సాయం ఇందులోనూ కొంత ఉంటుందనుకోండి). లీగ్‌లో రూల్ మార్చడానికి ఒప్పుకోకపోతే, పోయినేడు గెలుపులు ఎన్నో పట్టించుకోకుండా స్ట్రైకవుట్లు ఎక్కువ, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి ఊరికే దక్కే మొదటి బేస్) తక్కువ ఉన్నవాళ్లని తీసుకోండి, ఆ రెండూ చాలావరకు పిచ్చర్ చేతిలోనివే. బ్యాటర్ల ఆర్‌బీఐ (తన బ్యాటింగ్‌తో జట్టుకి తెచ్చిన పరుగులు) కూడా అంతే, ముందు ఆడినవాళ్లు బేస్‌ల మీద ఉంటే అది బాగా పెరుగుతుంది.