బార్బు కతార్జియు అసెంబ్లీ జీవితం చదవాలంటే ఎక్కణ్ణుంచి పట్టుకోవాలి

రుమేనియా ఏకీకరణ (వలాకియా, మోల్డావియా అనే రెండు సంస్థానాలు ఒక దేశమవడం) మీద సెమినార్ పేపరో వ్యాసమో రాయాల్సొచ్చిన మన కోనసీమ, భీమవరం వైపు పిల్లల కోసం ఇది. అందరూ ఆ రెండింటికీ రాజైన కూజా దగ్గర మొదలెట్టి కూజా దగ్గరే ఆపేస్తారు, ఆయనతో తగువు పడ్డ కన్జర్వేటివ్‌లని, అంటే భూస్వాముల పక్షాన్ని, రెండు లైన్లలో తేల్చేస్తారు. ఆ తగువేంటో తెలీకుండా ఏకీకరణ అర్థం కాదండి, అందుకే ఆ కన్జర్వేటివ్‌ల నాయకుడు, ఏకమైన దేశానికి మొదటి ప్రధాని బార్బు కతార్జియుని పట్టుకోమంటున్నా.

ముందు పేరు సరిచూసుకోండి. కతార్జియులు ఇద్దరున్నారు, ఇద్దరూ కన్జర్వేటివ్‌లే, ఇద్దరూ ప్రధానులే. మనకి కావాల్సిన బార్బు వలాకియా మనిషి, 1807లో పుట్టాడు, 1862లో పోయాడు. లస్కర్ కతార్జియు మోల్డావియా ఆయన, 1866లో కూజాని దించేశాక వచ్చిన ముగ్గురు రీజెంట్లలో (కొత్త రాజు వచ్చేదాకా పాలించేవాళ్ళు) ఒకడు, తర్వాత చాలాకాలం రాజకీయాల్లో ఉన్నాడు. వీళ్ళిద్దర్నీ కలిపేస్తే పేపర్ మొత్తం పోయినట్టే.

తర్వాత తేదీలు. అప్పట్లో అక్కడ పాత క్యాలెండర్, మనం వాడేదానికి 12 రోజులు వెనక. బార్బు హత్య ఒక పుస్తకంలో జూన్ 8 అని, ఇంకోదాంట్లో జూన్ 20 అని కనిపిస్తుంది, రెండూ కరెక్టే, ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే వాడండి. నేనిక్కడ పాతవే వాడుతున్నా.

ఇక వరస. 1859 జనవరి 5న మోల్డావియా అసెంబ్లీ అలెగ్జాండ్రు ఇయాన్ కూజాని ఎన్నుకుంది, 24న బుకారెస్ట్‌లో వలాకియా అసెంబ్లీ కూడా ఆయన్నే ఎన్నుకుంది, 64 ఓట్లూ ఆయనకే (మన గోదావరి జిల్లా పేరు పుట్టిందీ 1859లోనే, సంవత్సరం గుర్తుపెట్టుకోడానికి పనికొస్తుంది). అక్కడ కన్జర్వేటివ్‌లదే మెజారిటీ, వాళ్ళ మనసులో వేరే పేర్లున్నాయి, కానీ బయట జనం మూగేసరికి ఒప్పుకున్నారు. రాజు ఒకడే అయినా ఇంకో మూడేళ్ళు రెండు అసెంబ్లీలు, రెండు మంత్రివర్గాలు నడిచాయి. 1862 జనవరిలో గానీ ఒకే అసెంబ్లీ, ఒకే మంత్రివర్గం రాలేదు, దానికి మొదటి ప్రధాని బార్బు. అయిదు నెలలు కూడా లేడు.

ఆ అయిదు నెలలే మీ పేపర్‌కి గుండెకాయ. ఏకీకరణ అయిపోయింది కదా, మరి కొట్లాట దేనికి అంటే భూమి కోసం. రైతులు భూస్వామి పొలం చేసుకుంటూ బదులుగా వెట్టి పని చెయ్యాలి, పంటలో భాగం ఇవ్వాలి. ఆ పొలం రైతుకి రాసివ్వాలని సంస్కరణలు కోరే మిహాయిల్ కొగల్నిచాను వర్గం, అది భూస్వామి ఆస్తి, రైతు ఒప్పందం మీద చేసుకోవాలి తప్ప హక్కు లేదని బార్బు. ఓటు హక్కు ఆస్తి ఉన్న కొద్దిమందికే కాబట్టి సభలో బార్బు మాటే నెగ్గేది. కౌలు కార్డు కాగితం మీద సంతకం పెట్టడానికి మన ఆసామి ఎందుకు వెనకాడతాడో తెలిసినవాళ్ళకి ఈ భయం వేరే చెప్పక్కర్లేదు, ఒకసారి రాసిస్తే పొలం పోతుందని. నాకైతే బార్బు వాదన నచ్చదు గానీ దొంగమాట కాదు, నమ్మే చెప్పాడు, చదివేటప్పుడు ఆ గౌరవం ఇవ్వాలి.

హత్య దగ్గర జాగ్రత్త. 1848 విప్లవం గుర్తుగా జూన్ 11న ఫిలారెట్ మైదానంలో సభ పెడతామని లిబరల్స్ అడిగితే కుదరదన్నాడు. జూన్ 8న అసెంబ్లీలో దీనిమీదే మాట్లాడి, దేశ సంస్థల్ని తొక్కనిచ్చే కంటే చావే మేలన్నట్టు చెప్పి, బండెక్కి అసెంబ్లీ ఉన్న మెట్రోపాలిటన్ కొండ దిగుతుంటే గంట గోపురం దగ్గర కాల్చేశారు. ఎవరు కాల్చారో తేలలేదు, ఈరోజుకీ తేలలేదు. కూజా మనుషులనీ లిబరల్స్ అనీ ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు, మీరు మాత్రం ఎవరి పేరూ ఖాయం చెయ్యకండి.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు, ఆపకండి. మూడు రోజుల తర్వాత, పొలం భూస్వామిదే అనే బార్బు భూమి బిల్లుని సభ పాస్ చేసింది, కూజా ఆమోదించలేదు. 1863లో కొగల్నిచాను ప్రధాని అయ్యాడు, 1864 మే 2న కూజా అసెంబ్లీనే రద్దు చేసేశాడు, ఆగస్టులో భూమి చట్టం వచ్చింది. వెట్టి పోయింది, ఎద్దుల్ని బట్టి పొలం ఇచ్చారు, నాలుగెద్దులూ ఆవూ ఉన్నవాడికి ఎక్కువ, రెండెద్దులూ ఆవూ ఉన్నవాడికి తక్కువ, ఆవు ఒక్కటే ఉన్నవాడికి ఇంకా తక్కువ. నాలుగు లక్షలకి పైగా కుటుంబాలకి అందింది, ఊరికే కాదు, 15 ఏళ్ళ వాయిదాల్లో డబ్బు కట్టాలి.

1862 బిల్లునీ 1864 చట్టాన్నీ పక్కపక్కన పెట్టి పొలం ఎవరిది, వెట్టి ఏమైంది, డబ్బు ఎవరు కట్టాలి అని మూడు గళ్ళు గీసుకోండి. బార్బు మీద మీ పేపర్ ఆ పట్టిక నుంచే రాయండి, పుట్టుక చదువు గట్రా ఒక పేరాలో సర్దేయొచ్చు.