వేసవికి ముందే మన వీధికి ఒక ఎండ పుస్తకం రాసుకోవడం ఎలా?

విశాఖలో ఎండ గురించి వాపోతే బయటూరి చుట్టాలు నవ్వుతారు. "మీకేంటి, పక్కనే సముద్రం. మా ఊళ్లో 44" అంటారు. నిజమే, అంకె చూస్తే మనది చిన్నదే. కానీ ఒళ్లు చల్లబడాలంటే చెమట ఆరాలి. ఇక్కడి ఉక్కపోతలో చెమట కారుతుందే తప్ప ఆరదు. 35 డిగ్రీల వేడికి గాలిలో తేమ 70 శాతం తోడైతే ఒంటికి దాదాపు 50 డిగ్రీల్లా ఉంటుంది. వాతావరణ శాఖ లెక్కల్లోనూ ఈ తేడా ఉంది. మైదాన ప్రాంతంలో వడగాలి అనాలంటే కనీసం 40 డిగ్రీలు ఉండాలి. తీరంలో 37 చేరి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే చాలు.

2015 మే నెల చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. ఎక్కువగా ముసలివాళ్లు, ఎండలో పనిచేసే కూలీలు. ఆ తర్వాత ఎండలేమీ తగ్గలేదు. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో మన దేశానికి అన్నిటికన్నా వేడి సంవత్సరం 2024.

ఇప్పుడు హెచ్చరికలు ఫోన్‌కే వస్తున్నాయి. మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయటికి రావద్దని అందరికీ ఒకే మెసేజ్. ఏసీ గదిలో ఉన్నవాళ్లకు ఆ సలహా అక్కర్లేదు. పూర్ణా మార్కెట్‌లో మూటలు మోసే కళాసీకి దాన్ని పాటించే వీల్లేదు. ఇక మా వీధి చివర రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండే మామ్మకు అది ఏకంగా తప్పు సలహా. "ఇంట్లో ఉండమంటారేటి బాబూ, నా ఇల్లే పొయ్యి" అందొకసారి. వీధిలో ఏ ఇల్లు ఎంత కాగుతుందో, ఎవరికి ప్రమాదమో రాసుకునే ఎండ పుస్తకం మేం మొదలుపెట్టింది ఆ మాటతోనే.

1. ఫిబ్రవరిలోనే ముగ్గురు కూడండి

ఏప్రిల్‌లో మొదలుపెడితే ఆలస్యం అయినట్టే. ముప్ఫై నలభై ఇళ్లు మించకుండా హద్దు గీసుకోండి. వార్డు మొత్తం చేసేద్దాం అని ఊపులో బయల్దేరినవాళ్లు రెండో వారానికి కనిపించరు. ముగ్గురిలో ఒక్కరైనా ఆడమనిషి ఉండాలి, లేకపోతే చాలా ఇళ్లలో గుమ్మం దగ్గరే మాటలు ఆగిపోతాయి. మీ వీధికి వచ్చే ఆశ కార్యకర్తను ముందే కలవండి. గర్భిణులు ఎవరు, షుగర్ ఉన్నవాళ్లు ఎవరు అనేది ఆమెకు నోటికి వచ్చు. కొనాల్సినవి ఒక లాంగ్‌బుక్, గోడకు తగిలించే ఒక మామూలు థర్మామీటర్.

2. ఇల్లిల్లూ తిరగండి, కానీ ఆరోగ్యం గురించి అడక్కండి

"ఆరోగ్యం ఎలా ఉంది?" అంటే అందరూ "బాగానే ఉంది" అంటారు. అక్కడితో కబురు అయిపోతుంది. దానికి బదులు ఇల్లు గురించి అడగండి. పైకప్పు స్లాబా, రేకులా? కిటికీలు ఎన్ని, గాలి అటూ ఇటూ ఆడుతుందా? నీళ్లు ఎక్కడినుంచి, ఏ వేళకు వస్తాయి? రాత్రి ఎక్కడ పడుకుంటారు? పగలు ఇంట్లో ఎవరుంటారు? రోజూ వేసుకునే మాత్రలు ఏవైనా ఉన్నాయా?

నీళ్ల ప్రశ్న దగ్గర కాస్త ఆగండి. కొండవాలు కాలనీల్లో పై ఇళ్లకు కుళాయి ధార సన్నగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. కింది వీధి నుంచి బిందెతో మెట్లెక్కే మనిషికి తాగే నీళ్లు కూడా లెక్కే. మా పుస్తకంలో ఒక ఇంటికి ఎదురుగా "72 మెట్లు" అని రాసి ఉంది. ఆ ఇంట్లో కోడలికి ఏడో నెల. "ఎక్కువ నీళ్లు తాగండి" అని ఆమెకు చెప్పడం ఎవరికైనా సులువే.

మాత్రల సంగతి కూడా చిన్నది కాదు. బీపీకి, గుండెకు, మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి, లేదా చెమట పట్టనివ్వవు. వాటిని ఎవరూ సొంతంగా మానకూడదు. వేసవికి ముందు ఒకసారి డాక్టర్‌ను అడిగి రమ్మనండి. ఇన్సులిన్ వాడుతూ ఫ్రిజ్ లేనివాళ్లుంటే ఫ్రిజ్ ఉన్న పక్కింటివాళ్లతో మాట్లాడి పెట్టండి. తలుపు అరలో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. కుండలో పెట్టమని చెబుతుంటారు గానీ, మన తేమ గాలిలో కుండ అంతగా చల్లబడదు. కూలర్ కథా అంతే. హైదరాబాద్‌లో ప్రాణం పోసే కూలర్ ఇక్కడ గదిని ఇంకాస్త జిగటగా చేస్తుంది. అప్పు చేసి మరీ కొనేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

3. రాత్రి తొమ్మిదింటికి థర్మామీటర్ చూడండి

పుస్తకంలో అన్నిటికన్నా పనికొచ్చే పేజీ ఇదే. వార్తల్లో చెప్పే అంకె మీ గదిది కాదు. విశాఖలోనే వాల్తేరులో ఒక కొలత, విమానాశ్రయం దగ్గర ఇంకో కొలత. సముద్రపు గాలి త్వరగా తగిలే చోటుకూ, తగలని చోటుకూ చాలా తేడా ఉంటుంది. పడమటి గాలి గట్టిగా వీచి సముద్రపు గాలిని ఒడ్డు దాటనివ్వని రోజున ఊరంతా పెనమే.

మార్చిలో వారం రోజులు థర్మామీటర్‌ను వంతులవారీగా ఇళ్లకు ఇవ్వండి. మంచం ఎత్తులో, పొయ్యికీ టీవీకీ దూరంగా గోడకు తగిలించాలి. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి రాయాలి. మామ్మ ఇంట్లో ఒక రాత్రి తొమ్మిదింటికి 36 చూపించింది. అదే వేళకు ఎదురు మేడ కింది వాటాలో 31. మధ్యలో ఉన్నది పన్నెండు అడుగుల సందు. బయట గాలి చల్లబడినా పగలంతా కాగిన గోడ లోపలికి వేడి వదులుతూనే ఉంది. రాత్రి కూడా ఒంటికి తెరిపి దొరక్కపోతే మర్నాటి ఎండకు తట్టుకునే శక్తి ఉండదు.

4. ప్రమాదం ఎక్కువున్న ఇళ్లకు ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి

వయసు ఒక్కటే చూస్తే సగం మంది తప్పిపోతారు. ఒంటరి వృద్ధులు, గర్భిణులు, పసిపిల్లలు, మంచం పట్టినవాళ్లు ఎలాగూ ఉంటారు. వాళ్లతో పాటు రేకుల ఇంట్లో రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవాళ్లను కూడా రాయండి. కొత్తగా ఎండ పనిలో చేరినవాళ్లనూ రాయండి. ఒళ్లు ఎండకు అలవాటు పడాలంటే వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ.

జాలారిపేట లాంటి చోట్ల ఇంకో లెక్క ఉంది. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేప గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది ఉండాల్సిందే. కానీ సరిగ్గా ఎండలు మండే రోజుల్లోనే ఆ ఇళ్లలో రాబడి ఆగిపోతుంది. మగవాళ్లు ఎండలో కూలికి పోతారు, ఆడవాళ్లు ఎండుచేపల గంపలతో దూరం నడుస్తారు, మందుల ఖర్చు వాయిదా పడుతుంది. అందుకే అక్కడ మే నెలలో పుస్తకం మరోసారి తిరగేయాలి.

5. పైకప్పుకు సున్నం

ఉన్న డబ్బు అంతా ఒకే పనికి పెట్టమంటే నేను దీనికే పెడతాను. ఎండను తిప్పికొట్టే తెల్ల పూతతో గదిలో వేడి రెండు నుంచి ఐదు డిగ్రీలు తగ్గుతుంది. సిమెంటు రేకులకూ స్లాబుకూ సున్నంలో జిగురు కలిపి రెండు పూతలు వేస్తే సరిపోతుంది. ఇనుప రేకుల మీద సున్నం నిలవదు, బయటి గోడలకు వేసే తెల్ల రంగు వాడండి.

సిమెంటు రేకు మీద ఎప్పుడూ నేరుగా కాలు పెట్టకండి. పాత రేకు పుటుక్కున విరుగుతుంది. నిచ్చెన మీద నిలబడి పొడవు కర్ర బ్రష్షుతో వేయండి. పాత రేకుల్లో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి పొడిగా గీకొద్దు, ముందు తడిపి తీరాలి. అద్దె ఇల్లయితే ఇంటాయనతో మాట్లాడండి. "మా ఇంటికి సున్నం కొట్టిస్తే అద్దె పెంచేస్తారేమో" అని ఒకావిడ భయపడింది. ఆ భయం ఉత్తిదేమీ కాదు. వీధిలో నలుగురు కలిసి వెళ్లి అడిగితే ఆ మాట రాలేదు.

6. నీళ్లు, ఓఆర్ఎస్, తరవాణి

మజ్జిగ, గంజి, చోడి అంబలి, తరవాణి అన్నీ మంచివే, మన అమ్మమ్మలకు తెలియనివి కావు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత నీళ్లు, ఎంత ఉప్పు తీసుకోవాలో మాత్రం డాక్టర్ చెప్పాలి.

ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ వేసి మిగతాది మడిచి పెట్టే అలవాటు మానిపించండి. కలిపింది 24 గంటల్లో తాగేయాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూన్ ఉప్పు, గుబ్బగా కాకుండా స్పూన్ అంచుకు సమంగా. పట్టణ ఆరోగ్య కేంద్రంలో, ఆశ కార్యకర్త దగ్గర ప్యాకెట్లు ఉచితంగా దొరుకుతాయి. షాపుల్లో డబ్బాల్లో అమ్మే తీపి పండ్ల రసాలు దీనికి బదులు కావు.

7. ఒక చల్లని చోటు చూసి పెట్టుకోండి

రామమందిరం, చర్చి, కమ్యూనిటీ హాలు, సెలవుల్లో ఉన్న బడి ఏదైనా సరే. స్లాబు, ఫ్యాన్లు, తాగునీళ్లు, ఆడవాళ్లకు వేరుగా మరుగుదొడ్డి ఉండాలి. మరుగుదొడ్డి లేకపోతే ఆడవాళ్లు రారు, వచ్చినా నీళ్లు తాగరు. తాళం ఎవరి దగ్గరుందో పుస్తకం అట్ట మీదే రాయండి. మొదటి ఏడాది మేం ఆ తాళం కోసమే గంటన్నర తిరిగాం.

8. హెచ్చరిక వచ్చిన రోజు

ఎర్ర గుర్తున్న ఇంటికి మనిషి వెళ్లాలి, ఫోన్ చాలదు. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి. ఒక్కొక్కరికి నాలుగిళ్లు మించి పెట్టకండి. కరెంటు పోతే 1912కు చెప్పి, అలాంటి ఇళ్లవాళ్లను చల్లని చోటుకు తీసుకెళ్లండి.

తల తిరగడం, కండరాలు పట్టేయడం, విపరీతంగా చెమట, వాంతి వచ్చినట్టుండటం ఉంటే నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లు తడిపి విసరాలి. ఓఆర్ఎస్ గుక్కగుక్కగా పట్టించాలి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. చెమట పడుతోంది కదా అని ఊరుకోవద్దు, ఎండలో పనిచేస్తూ పడిపోయినవాళ్లకు చెమట ఉండొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా బకెట్లతో నీళ్లు పోస్తూ, మెడ మీద, చంకల్లో, గజ్జల్లో తడి గుడ్డలో చుట్టిన ఐసు పెడుతూ, ఫ్యాన్ గాలి తగలనివ్వండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్ వేయొద్దు, ఇది జ్వరం కాదు. మెట్ల వీధుల్లోకి అంబులెన్స్ రాదు కాబట్టి కుర్చీలో మోసుకొచ్చే ఇద్దరి పేర్లు ముందే రాసి ఉండాలి.

9. పుస్తకం పట్టుకుని వార్డు సచివాలయానికి

"ఎండలు ఎక్కువగా ఉన్నాయి, ఏదైనా చేయండి" అన్న అర్జీ మిగతా అర్జీల కింద పడిపోతుంది. "ఈ పదకొండు ఇళ్లలో రాత్రి తొమ్మిదింటికి 34 పైన ఉంది, ఈ ఆరిళ్లకు కుళాయి నీళ్లు ఎక్కడం లేదు" అని రాసిస్తే కాగితం కదులుతుంది. చలివేంద్రం మెయిన్ రోడ్డు మీద ఫ్లెక్సీ కనబడే చోట కాకుండా ఆటో స్టాండ్ దగ్గర, కూలీల అడ్డా దగ్గర పెట్టమనండి. నీళ్ల ట్యాంకరు పొద్దున్నే రావాలని అడగండి. అర్జీకి రసీదు తీసుకుని పుస్తకంలో అంటించండి.

అర్జీతో ఇచ్చే కాపీలో ఇంటి నంబర్లు చాలు. ఎవరికి ఏ జబ్బుందో, ఏ మామ్మ ఒంటరిగా ఉంటుందో ఉన్న పేజీలను ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. పుస్తకం ఒకే ఇంట్లో, బీరువాలో ఉండాలి.