మన ఇంటి విశ్వాస పుస్తకం – 3వ పాఠం: సంఘ రిజిస్టరు, నమ్మని బంధువు, నా సొంత పేజీ

మన ఇంటివాళ్ల విశ్వాస కథలు రాసే ఈ పుస్తకం కోసం పోయిన పాఠంలో ఇంటి పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడించడం నేర్చుకున్నాం. ఈ పాటికి మీ లాంగ్ నోట్‌బుక్‌లో మనిషికో పేజీ చొప్పున మూడు తరాల పేర్లన్నా పడి ఉండాలి. ఎడమ పేజీలు ఖాళీగా వదిలారో లేదో చూసుకోండి. పెద్దలు నోటితో చెప్పింది కుడి పక్కన, కాగితం మీద దొరికింది ఎడమ పక్కన రాయాలి. రెండూ కలిపేస్తే పదేళ్ల తర్వాత ఏది అవ్వ మాటో, ఏది రిజిస్టరు మాటో ఎవరూ తేల్చలేరు.

సంఘంలో బాప్తిస్మాలు రాసి ఉంచే రిజిస్టరు కోసం ఆదివారం ఆరాధన అయ్యాక అడగొద్దు, ఆ పూట పాస్టరు గారికి తీరిక ఉండదు. వారం మధ్యలో ఆయన చెప్పిన రోజున వెళ్లండి. పుస్తకం ఇంటికిమ్మని అడగనే వద్దు. పాత కాగితం అంచులు పెళుసుగా ఉంటాయి, వేలు తడి చేసుకుని తిప్పితే ముక్క చేతికొస్తుంది. పెన్ను సంచిలోనే ఉంచి పెన్సిల్‌తో రాసుకోండి. ఒప్పుకుంటే ఫ్లాష్ లేకుండా ఫోటో తీయండి. పేరు, ఊరు, తండ్రి పేరో భర్త పేరో, తేదీ, బాప్తిస్మం ఇచ్చినవారి పేరు, పేజీ నంబరు ఎత్తి రాయండి. అక్కడ ఏ అక్షరాలుంటే అవే రాయాలి. ఒకే మనిషి పేరు మూడు రకాలుగా కనబడినా మీరు సరిదిద్దొద్దు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది తేదీల దగ్గరే. ఒంగోలు, కనిగిరి, కావలి వైపు బాప్టిస్టు సంఘాల్లో బాప్తిస్మం విశ్వసించి ఒప్పుకున్నాక, నీళ్లలో ముంచి ఇచ్చేది. పదిహేనేళ్లకు తీసుకున్నవారూ ఉన్నారు, అరవైకి తీసుకున్నవారూ ఉన్నారు. ఆ తేదీని బట్టి పుట్టిన ఏడు లెక్క కట్టడం కుదరదు. నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు లూథరన్ సంఘాల్లోనూ, కతోలిక విచారణల్లోనూ (పారిష్‌ల్లోనూ) పసిబిడ్డలకే బాప్తిస్మం ఇస్తారు కాబట్టి అక్కడ తేదీ పుట్టుకకు దగ్గరగా ఉంటుంది. లూథరన్ కుటుంబమైతే కన్ఫర్మేషన్ తేదీ కూడా వెతకండి. ఆ మనిషి తన నోటితో విశ్వాసం ఒప్పుకున్న రోజు అది.

జిల్లా పేరు చూసి కూడా కంగారు పడొద్దు. 1904కు ముందు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఆ ఏడు గుంటూరు జిల్లాలో కలిసింది. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. కందుకూరు, కనిగిరి, పొదిలి నెల్లూరు నుంచి వచ్చాయి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. కాబట్టి ‘కనిగిరి, నెల్లూరు జిల్లా’ అని కనబడితే అది వేరే ఊరు కాదు, పాత రోజుల కాగితం అంతే.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ధాత కరువు (1876–78) వచ్చి వెళ్లిన రోజులవి. ఒంగోలు మిషనరీ క్లౌ దొర కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని పేదలకు పని చూపించాడు. ఆ రోజు పేరు అంత గొప్పది కాబట్టే చాలా ఇళ్లలో ‘మా తాత ఆ గుంపులోనే ఉన్నాడు’ అంటారు. కాదనకండి, లెక్క వేయండి. అప్పుడు ఇరవై ఏళ్లవాడంటే 1858 ప్రాంతంలో పుట్టి ఉండాలి. తరానికి 27 ఏళ్లు వేసుకుంటే కొడుకు 1885, మనవడు 1912, మునిమనవడు 1939. చెబుతున్న పెద్దాయన 1940లో పుట్టి ఉంటే, ఆ గుంపులో ఉన్నది తాత కాదు, ముత్తాత అయ్యుండే అవకాశమే ఎక్కువ. రిజిస్టరులో పేరు దొరికేదాకా కుడి పేజీలో ‘ఇంట్లో చెప్పుకునే మాట’ అని రాసి ఉంచండి. ఆ గుంపులో మనవాళ్లు లేకపోతే మన విశ్వాసానికి తక్కువేమీ లేదు. ఇంకో ఊళ్లో, ఇంకో చెరువులో, ముగ్గురే ముగ్గురు చూస్తుండగా బాప్తిస్మం తీసుకున్న మనిషి కథ కూడా అంతే శ్రద్ధగా రాయాల్సిందే.

ఇక యేసును నమ్మని బంధువు. చాలా నోట్‌బుక్కుల్లో మామయ్యకో పెదనాయనకో పేజీ ఉండదు, లేదంటే పేరు పక్కన ‘అవిశ్వాసి’ అనే ఒక్క మాటే ఉంటుంది. ఇది తప్పు. తిమోతి అవ్వ లోయి, తల్లి యునీకే విశ్వాసం గురించి పౌలు పేరు పెట్టి రాశాడు. తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు 16:1లో ఉంది, ఆయన మీద నింద ఒక్కటీ లేదు. యేసు సొంత తమ్ముళ్లే ఆయనను నమ్మలేదని యోహాను 7:5 చెబుతుంది. అపొస్తలుల కార్యములు 1:14కి వచ్చేసరికి ఆ తమ్ముళ్లే మేడగదిలో తల్లితో కలిసి ప్రార్థనలో ఉన్నారు. ఒక మనిషి గురించి మీరు ముందే తీర్పు రాసేస్తే తర్వాత రాయడానికి చోటుండదు. ఆయన పుట్టిన ఊరు, చేసిన పని, ఇంటికి చేసిన మేలు అందరికి రాసినట్టే రాయండి. విశ్వాసం గురించి ఆయన స్వయంగా చెప్పింది ఏదైనా ఉంటే ఆయన మాటల్లోనే రాయండి. చెప్పకపోతే ఆ వరుస ఖాళీగా వదలండి.

పెళ్లితో సంఘంలోకి వచ్చిన కోడలి పేజీలో పుట్టింటి ఇంటిపేరు, ఊరు తప్పకుండా ఉండాలి. రూతు ఇశ్రాయేలు దేవుణ్ణి తన దేవుడిగా చేసుకున్నాక కూడా గ్రంథం ఆమెను మోయాబీయురాలనే పిలిచింది, మత్తయి 1:5లో యేసు వంశావళిలోనే ఆమె పేరు ఉంది. పుట్టింటిని చెరిపేసి రాసిన పేజీ ఆమెది కాదు, అత్తింటిది. ప్రతి పేజీ పైన పిలుపు పేరు, బడి పేరు, బాప్తిస్మపు పేరు మూడు వరుసల్లో రాయండి. మన ప్రాంతంలో ఈ మూడూ ఒకటిగా ఉండటం తక్కువ. ఇన్ని సొంత వివరాలున్న ఈ పుస్తకం ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, ఆధార్ నంబర్లు ఇందులో రాయకండి.

చివరగా మీ సొంత పేజీ. పాతిక వరుసలకు మించొద్దు. మొదటి ఐదు వరుసల్లో మీరు పుట్టిన ఇల్లు, మీకు ప్రార్థన నేర్పినవారు. తర్వాత పది వరుసల్లో ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరు మొదటిసారి ప్రార్థించిన సందర్భం. ఐదు వరుసల్లో ఇవాళ మీరు గట్టిగా పట్టుకున్నది. మిగిలిన ఐదింటిలో ఇంకా తేలని ప్రశ్న. ఈ ఆఖరి ఐదు వరుసల్నే అందరూ ఎగ్గొడతారు. ఎగ్గొట్టకండి, మీ పిల్లలు ముందుగా వెతికేది వాటినే.

రాశాక రెండు పరీక్షలు పెట్టండి. క్రియల చివర్లు చూడండి: ‘నమ్మాము’, ‘వెళ్ళేవాళ్ళం’ లాంటివి రెండో భాగం నుంచి కనబడితే మీరు ఇంకా ఇంటి వెనకే నిలబడి రాస్తున్నారు. వాటిని ‘నేను’కు మార్చి చదవండి. మార్చగానే అబద్ధమైపోయే వాక్యాన్ని కొట్టేయండి. రెండోది, పేరు మీద చెయ్యి పెట్టి పేజీ మొత్తం చదవండి. కూటాల్లో విన్న సాక్ష్యంలాగా ఎవరికైనా సరిపోయేటట్టుంటే ఊరు, వయసు, ఆ రోజు జరిగింది చేర్చి మళ్లీ రాయండి. ఒక పూటలో వచ్చే పని కాదిది. రెండు మూడు సార్లు చించాల్సి వస్తుంది, అందుకే ముందు విడి కాగితం మీద రాయమంటున్నాం.

వచ్చే పాఠానికి ఒక రిజిస్టరు నమోదు, నమ్మని బంధువు పేజీ ఒకటి, మీ సొంత పేజీ చిత్తు ప్రతి సిద్ధం చేసుకోండి. రిజిస్టరు పోయిన సంఘాలవారు ప్రభుబల్ల (రొట్టె, ద్రాక్షారసం) తీసుకున్నవారి జాబితా గానీ, సంఘం మారేటప్పుడు ఇచ్చిన ఉత్తరం గానీ, పెళ్లి పుస్తకం గానీ అడిగి చూడండి. ఆ మూడింటిని చదివే పద్ధతి 4వ పాఠంలో.