యార్డులో బస్తాలు మోసేవాళ్ల నడుం నొప్పి: రాకుండా ఏం చేయాలి, వస్తే ఎట్ల పని చేయాలి

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి పోటెత్తే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో హమాలీకి ఊపిరి సలపదు. బస్తా లెక్కన కూలి కాబట్టి నడుం పట్టినా పని ఆపే వీలుండదు. అట్లాంటి మనిషికి "బరువులు ఎత్తకు" అని చెప్తే ఏం లాభం? బస్తా బరువు మన చేతుల్లో లేదు. దాన్ని ఒంటికి ఎంత దగ్గరగా పట్టాలి, ఏ ఎత్తు నుంచి లేపాలి, లేపినంక ఎటు తిరగాలి అన్నవి మాత్రం చాలావరకు మన చేతుల్లోనే ఉన్నాయి. నడుం ఎక్కువగా చెడేది ఈ మూడింటి దగ్గరే.

దూరం సంగతి లెక్కతో చూడండి. నడుములోని కండరాలు వెన్నుపూసల మధ్యభాగం నుంచి దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలో ఉండి లాగుతాయి. 40 కిలోల బస్తాను ఒంటికి ఆనించి పట్టుకుంటే, దాని బరువు వెన్నుకు 25 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. అప్పుడు ఆ కండరాలు 200 కిలోల బలంతో లాగాలి. అదే బస్తాను చేతులు చాచి 50 సెంటీమీటర్ల దూరంలో పడితే 400 కిలోలు. వంగినప్పుడు మన ఒంటి పైభాగం బరువు దీనికి అదనం. పత్తి బస్తా తూకానికి తక్కువున్నా నడుముకు ఎక్కువ కష్టం ఇచ్చేది ఇందుకే. దాని కడుపు ఉబ్బి బరువును ముందుకు నెడుతుంది.

"నడుం వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తు" అని అందరూ చెప్తారు. పెట్టె చిన్నదై రెండు కాళ్ల మధ్య పడితే ఆ మాట నిజం. నిండు బస్తా కాళ్ల మధ్య పట్టదు. పూర్తిగా గొంతుక్కూర్చుంటే బస్తా మోకాళ్లకు అవతల ఉండిపోయి దూరం ఇంకా పెరుగుతుంది. కాబట్టి పడుకోబెట్టిన బస్తాను అట్లాగే లేపొద్దు. ముందు కొక్కెంతో ఒక కొస పట్టి నిలబెట్టండి. ఒక కాలు బస్తా పక్కకు, ఇంకో కాలు ఒక అడుగు వెనక్కు వేయండి. మోకాళ్లు సగం వంచి, తుంటి వెనక్కి నెట్టి, ఛాతీ ఎత్తి ఉంచండి. ఒక చేయి కింది మూలకు, ఇంకో చేయి పై చెవికి వేసి, బస్తాను తొడకు ఒత్తుకోండి. పొట్టను బిగించి, నేలను కాళ్లతో తన్నుతున్నట్టు లేవండి. తిరగాల్సి వస్తే పాదాలు తిప్పండి. పాదాలు నేలకు అంటుకుని ఉండగా నడుం మెలితిరిగితే డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు) చుట్టూ ఉండే పొరలు చిట్లొచ్చు.

వీపు మీదికి ఎత్తిపెట్టే పనిలో మోసేవాడి కంటే అటూ ఇటూ నిలబడి ఎత్తే ఇద్దరి నడుముకే దెబ్బ ఎక్కువ. వాళ్లు ప్రతి బస్తాకూ నేలదాకా వంగాలి. ముఠాలో (కలిసి పనిచేసే హమాలీల జట్టులో) 20, 30 బస్తాలకోసారి చోట్లు మార్చుకోండి. ఒకే ఎత్తున్న ఇద్దరు జంటగా ఉండాలి, ఒకరు పిలుపిస్తేనే ఇద్దరూ కలిసి లేపాలి. ఒకరు అర క్షణం ముందు లేపితే బరువంతా వాళ్ల మీదే పడుతుంది. మోసేవాడు బస్తాను భుజాల నడుమ, వీపు పైభాగాన పెట్టించుకోవాలి. అది నడుం మీదికి జారితే ఆపి సర్దించుకోవడమే మంచిది. దించేటప్పుడు పక్కకు విసరొద్దు. నెట్టుకు (పేర్చిన బస్తాల వరుసకు) వీపు పెట్టి నిలబడి జార్చండి.

వీలున్న చోటల్లా కింద రెండు వరుసల బస్తాలో చెక్క పలకలో వేసి దాని మీద నుంచే ఎత్తండి. మోకాలికీ నడుముకూ మధ్య ఎత్తు నుంచి లేపడం అన్నిటికంటే సులువు. లారీ ఎక్కడానికి వేసే చెక్క పొట్టిగా ఉంటే నిట్టనిలువుగా ఎక్కాల్సొస్తుంది. డాలా (లారీలో సరుకు వేసే భాగం) 4 అడుగుల ఎత్తుంటే చెక్క 12 అడుగులకు తగ్గకూడదు. ఊగే చెక్క మీద కాలు జారినప్పుడు పడకుండా ఆపుకునే ఆ ఒక్క కుదుపే చాలామంది నడుం పట్టేయడానికి కారణం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగ కార్మికుడు ఒక్కడే మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలని సిఫారసు చేసింది. అంతకు మించిన బస్తా కనిపిస్తే "ఓ చెయ్యి వెయ్యి తమ్మీ" అని పిలవడానికి మొహమాటపడొద్దు.

మిర్చి యార్డులో ఇంకో ప్రమాదం తుమ్ము. వంగి ఉన్నప్పుడు తుమ్మినా దగ్గినా డిస్కు మీద ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పటికే అలసిన నడుం అక్కడే పట్టేస్తుంది. ముక్కుకు తడి రుమాలు కట్టుకోండి. తుమ్ము వస్తుందనిపిస్తే బస్తా వదిలి నిటారుగా నిలబడి, ఒక చేత్తో నెట్టును ఆనుకోండి.

పొద్దున లేచిన గంటలోపు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, వంగితే వాటి మీద ఒత్తిడి మామూలుకంటే ఎక్కువ పడుతుంది. ఊరి నుంచి ఆటోలో కుదించుకుని కూర్చుని వచ్చినా, కాంటా కోసం గంటసేపు గొంతుక్కూర్చున్నా నడుములోని కట్లు (ఎముకలను కలిపి పట్టి ఉంచే నారలు) సాగి వదులవుతాయి. దిగగానే, లేవగానే మొదటి బస్తా పట్టొద్దు. 5 నిమిషాలు అటూ ఇటూ నడిచి, చేతులు నడుం మీద పెట్టి నాలుగైదుసార్లు మెల్లగా వెనక్కి వంగి పనిలోకి దిగండి.

నడుం పట్టేసినప్పుడు

చేతిలో బరువు ఉంటే అక్కడే వదిలేయండి. చదునైన చోట వెల్లకిలా పడుకుని పిక్కలు ఒక బస్తా మీద పెట్టి, తుంటి, మోకాళ్లు మూలమట్టంగా ఉండేట్టు 10 నిమిషాలు ఉండండి. లేచేటప్పుడు ముందు పక్కకు దొర్లి, చేతులతో నెట్టుకుంటూ లేవండి. ఆ రోజు ఇక నేల మీద నుంచి ఏదీ ఎత్తొద్దు. సంచి మూతి కుట్టే పనో, లెక్క చూసే పనో తీసుకోండి. నొప్పి ఉన్న మనిషికి నాలుగు రోజులు ఆ పని ఇచ్చే ముఠాలో మనుషులు ఎక్కువ కాలం నిలబడతారు.

పూర్తిగా పడుకోవడం ఒకటి రెండు రోజులకు మించొద్దు. మంచాన పడితే కండరాలు తగ్గి, కోలుకోవడం ఆలస్యమవుతుంది. సాగిన నులక మంచం వద్దు, నేల మీద బొంత పరుచుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. వేడి కాపడం 15, 20 నిమిషాలు, రోజుకు మూడుసార్లు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తన్నించుకోవడం, పిల్లలతో తొక్కించుకోవడం మానండి. డిస్కు జారి ఉంటే అదే నరాన్ని నలిపేస్తుంది.

బెల్టు కట్టుకుంటే పట్టుగా ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ గాయం కాకుండా కాపాడుతుందనడానికి ఆధారం లేదు. బెల్టు ఉంది కదా అని ఎక్కువ ఎత్తితేనే చేటు.

నొప్పి గోలీల విషయంలో భయపడాల్సింది ఎండాకాలంలో. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి చెమటలు పట్టి నీళ్లు తగ్గిన ఒంట్లో కిడ్నీలను దెబ్బతీయొచ్చు. ఖాళీ కడుపుతో వేసుకున్నా, పైన మద్యం తాగినా కడుపులో రక్తస్రావం కావొచ్చు. బీపీ, అల్సరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టొద్దు. మిగిలినవాళ్లు తిన్నాకే, కొద్ది రోజులే వాడాలి. ఎండలో 15, 20 నిమిషాలకోసారి గ్లాసెడు నీళ్లు తాగుతూ ఉండాలి. నొప్పి తగ్గే సూది వేయించుకుని గంటలో మళ్లీ బస్తా ఎత్తడం మరీ ప్రమాదం. నొప్పి తెలియదు కాబట్టి ఎక్కడ ఆగాలో ఒంటికి తెలియదు.

నొప్పి సగానికి తగ్గాక సాయంత్రం పూట రెండు కసరత్తులు చేయండి. చేతులు, మోకాళ్ల మీద ఉండి, కుడిచేయి ముందుకు ఎడమకాలు వెనక్కి చాచి 10 సెకన్లు ఆగి, తర్వాత రెండో వైపు చేయండి. పక్కకు పడుకుని మోచేయి, మోకాలి మీద తుంటి లేపి 10 సెకన్లు ఆగడం రెండోది. ఒక్కో వైపు ఆరుసార్లు చేసి కాస్త ఆగి నాలుగుసార్లు, మళ్లీ ఆగి రెండుసార్లు. నొప్పి కాల్లోకి దిగితే వెంటనే ఆపండి.

ఎప్పుడు ఆస్పత్రికి

చాలామందికి నడుం నొప్పి కొన్ని వారాల్లో తగ్గుతుంది. మొదటి వారంలోనే ఎమ్మారై అక్కర్లేదు, ఏ నొప్పీ లేనివాళ్లలోనూ ఉబ్బిన డిస్కులు కనిపిస్తాయి. నొప్పి పిరుదు నుంచి మోకాలి కిందికి దిగి, పాదం మొద్దుబారితే మాత్రం ఆ వారంలోనే చూపించుకోవాలి. సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నెముక టీబీ కావొచ్చు. నడుం పక్క నుంచి గజ్జల్లోకి అలలు అలలుగా వచ్చి, వాంతి, మూత్రంలో మంట ఉంటే కిడ్నీలో రాయి అని అనుమానించాలి.

మూత్రం బిగుసుకున్నా, మల మూత్రాలు తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, రెండు కాళ్లూ బలం తగ్గినా అది నరాలు నలిగిపోతున్న గుర్తు. గంటలు గడిచేకొద్దీ శాశ్వతంగా నష్టం జరుగుతుంది. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి అత్యవసర విభాగానికి పోయి, "మూత్రం రావట్లేదు, కూర్చునే చోట స్పర్శ లేదు" అని మొదటి మాటగా చెప్పండి.