నోట్ టూల్ వివరణలో ఎప్పుడు వాడకూడదో కూడా రాయండి

ఏఐ ఏజెంట్ల (మన తరఫున పనులు చేసే ఏఐ ప్రోగ్రాముల) కోసం నోట్ తయారుచేసే టూల్ (అవి పిలిచి వాడుకునే ఫంక్షన్) పెడుతున్నారా? వివరణలో "కొత్త నోట్ సృష్టిస్తుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. మామూలుగా ఏజెంట్ మీ కోడ్ చూడదు. దానికి అందేది టూల్ పేరు, ఆ వివరణ, పారామీటర్ల స్కీమా (ఏ ఇన్‌పుట్‌లు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే పట్టిక), అంతే.

నేను మొదట అలాగే వదిలేశాను. "నిన్నటి మీటింగ్ నోట్‌లో ఈ పాయింట్ చేర్చు" అంటే ఏజెంట్ అదే శీర్షికతో ఇంకో నోట్ తెరిచేది. వారం తిరిగేసరికి ఒకే పేరుతో నాలుగు నోట్లు! తర్వాత వివరణ ఇలా మార్చాను: "యూజర్ కొత్త నోట్ అడిగినప్పుడే వాడాలి. ఉన్న నోట్‌కి ఏదైనా చేర్చాలంటే ముందు వెతికే టూల్‌తో దాని ఐడీ తెచ్చుకుని, అప్‌డేట్ టూల్ వాడాలి. అదే శీర్షికతో నోట్ ఉన్నా ఈ టూల్ ఆపదు, రెండోది తయారవుతుంది." నా అనుభవంలో బాగా పనిచేసింది ఆ చివరి వాక్యమే.

తేదీ దగ్గర జాగ్రత్త. ఫార్మాట్ చెప్పకపోతే 03/04 అని రావచ్చు. అది మార్చి 4 కావచ్చు, ఏప్రిల్ 3 కావచ్చు. పక్కనే 2025-04-03 అని ఉదాహరణ పెట్టండి. నోట్ బాడీ మార్క్‌డౌనా (#, * లాంటి గుర్తులతో ఫార్మాట్ చేసే పద్ధతి), మామూలు టెక్స్టా అన్నదీ చెప్పాలి.

టూల్ తిరిగి ఏమిస్తుందో తప్పకుండా రాయండి. నోట్ ఐడీ వస్తుందని తెలిస్తే ఏజెంట్ తర్వాతి అడుగులో దాన్ని వాడుకుంటుంది. ఎర్రర్ మెసేజ్ కూడా డాక్యుమెంటేషన్ కిందే లెక్క. "చెల్లని ఇన్‌పుట్" అంటే ఏజెంట్ అదే కాల్ మళ్ళీ మళ్ళీ చేస్తూ కూర్చోవచ్చు. "శీర్షిక ఖాళీగా ఉంది, కనీసం ఒక అక్షరం ఇవ్వండి" అంటే వెంటనే సరిదిద్దుకునే వీలుంటుంది.